డిసెంబరు 9ని కూడా విశాఖ తలచుకోవాలి

సంపాదకులకు నమస్కారములు.

నౌకాదళ దినోత్సవమంటే విశాఖవాసులకు రామకృష్ణా బీచ్‌లో విన్యాసాలు, 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర పుష్పగుచ్ఛాలు గుర్తుకొస్తాయి. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా ఆ తేదీని ఎంచుకున్నారని, అంతకు ముందు రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముంగిట మునిగిపోయిందని ఇక్కడి పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ఆ తర్వాత ఐదు రోజులకు, డిసెంబరు 9 రాత్రి, డయ్యూ తీరానికి ఆవల హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో తగిలి మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ నిమిషాల్లోనే మునిగిపోయిన సంగతి మన ఊళ్లో ఎంతమందికి గుర్తుంది? ఆ నౌకతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రంలో కలిసిపోయారు. నౌకను విడవకుండా దానితోనే మునిగిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మహావీర చక్రం ప్రకటించారు గనుక ఆయన పేరైనా అప్పుడప్పుడు వినిపిస్తుంది.

ఆ 176 మందిలో మా చిన్న మేనమామ ఒకరు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. విజయనగరం దగ్గరి పల్లెకు వచ్చిన టెలిగ్రాములో 'గల్లంతు' అని ఉందని చదివిపెట్టిన పోస్ట్‌మాస్టరు చెప్పగా, గల్లంతైనవాడు తిరిగి రావచ్చు గదా అని మా అమ్మమ్మ ఆ ఒక్క మాటనే పట్టుకుంది. శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేయవచ్చని పురోహితుడు చెప్పినా ఆమె ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి కొడుకు ఈదుకుంటూ వెళ్లి ఏదో ఒడ్డున బతుకుతున్నాడన్న ఆశ సన్నగిల్లాక, టెలిగ్రాములోని తేదీని పంచాంగంతో సరిచూసి మార్గశిర బహుళ అష్టమిని తిథిగా నిర్ణయించారు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఆబ్దికం జరుగుతూనే ఉంది. ఘాజీలో పోయినవారి తల్లులకు ఏ తిథి నిర్ణయమైందో అని అమ్మమ్మ ఒకసారి అనడం నాకు గుర్తుంది. అప్పట్లో ఆ మాట ఇంట్లో చాలామందికి నచ్చలేదు.

పడమటి సముద్రంలో మునిగిన నౌకతో విశాఖకు ఏం సంబంధమని ఎవరైనా అడగవచ్చు. అదే పేరుతో 1989లో దళంలో చేరిన రెండో ఖుక్రీ 2021 డిసెంబరులో విశాఖలోనే సేవల నుంచి విరమించి, తర్వాత డయ్యూకు చేరింది. అదీగాక ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కుర్రాళ్లు నేటికీ నౌకాదళంలో చేరుతూనే ఉన్నారు.

డయ్యూలో ఖుక్రీకి స్మారకం ఉంది గానీ, పోయినవారి వయసు మళ్లిన అక్కచెల్లెళ్లు అంత దూరం వెళ్లలేరు. మా అమ్మ కూడా వెళ్లలేకపోయింది. అందుచేత నౌకాదళ అధికారులు, నగరపాలక సంస్థ కలిసి ఏటా డిసెంబరు 9 సాయంత్రం బీచ్ రోడ్డులోని స్మారకం దగ్గర ఆ 194 మంది పేర్లనూ, హోదాల తేడా లేకుండా, ఒక్కొక్కటిగా చదివించాలని కోరుతున్నాను. బ్యాండు మేళం, ఉపన్యాసాలు అక్కరలేదు. అందుకు పావుగంటకు మించి పట్టదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం