తెలుగు సంఘం వార్షిక నివేదిక 2024–25: పండుగలు కొంత, కాలేజీ కొండంత

సభ్య మిత్రులకు నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి కాబట్టి వాటి గురించి విస్తరించను. దీపావళి రోజున రెండో పంక్తికి పులిహోర చాలని సంగతి కార్యవర్గం మరిచిపోలేదు, మరిచిపోనివ్వలేదు కూడా. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు.

ఈ ఏడాది మా సమయాన్నంతా మింగేసింది కాలేజీ వ్యవహారం. కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ఒక మాట. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ అంటే మన ఇంటరు, ఐటీఐ, పాలిటెక్నిక్, రాత్రి బడి ఒకే కప్పు కింద ఉన్నట్టు. పదహారేళ్ళ పిల్లవాడు కరెంటు పని నేర్చుకునే భవనంలోనే సాయంత్రం వాళ్ళ అమ్మ ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. అయితే ఆ ఇద్దరి చదువుకూ డబ్బు వచ్చే దారులు వేరు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

సెప్టెంబరులో మన సభ్యుల ఇళ్ళ నుంచి ఇద్దరు మహిళలు కలిసి ఒకే సాయంత్రం తరగతికి పేరు ఇవ్వడానికి వెళ్ళారు. ఒకరిది స్టాక్‌పోర్ట్, రెండోవారిది హ్యాండ్‌ఫోర్త్. కారులో పది పదిహేను నిమిషాల దూరం. స్టాక్‌పోర్ట్ ఆవిడకు ప్రభుత్వ సొమ్ముతో సీటు వచ్చింది. రెండో ఆవిడ పోస్ట్‌కోడు చూసి కౌంటరులో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆవిడ గుంటూరులో బీకాం చదివి, నాలుగేళ్ళు లెక్కలు రాసిన మనిషి. ఇంటికి వస్తూ దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదని రెండో రోజు స్నేహితురాలు మాకు చెప్పారు.

కారణం తెలుసుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. 2019 ఆగస్టు నుంచి గ్రేటర్ మాంచెస్టర్ వాసుల వయోజన విద్య సొమ్ము అక్కడి ఉమ్మడి పాలక సంస్థ చేతిలో ఉంది. అది తన పరిధిలో నివసించేవారికే ఖర్చు పెడుతుంది. స్టాక్‌పోర్ట్ ఆ పరిధిలోదే, హ్యాండ్‌ఫోర్త్ మాత్రం చెషైర్ కిందికి వస్తుంది. అక్కడివారికి కేంద్రం ఇచ్చే పద్దు అప్పటికి వేరు. ఆ పద్దులో కాలేజీకి వచ్చిన వాటా చిన్నది, అప్పటికే నిండిపోయింది. గది ఒకటే, టీచరు ఒకరే, ఖాళీ కుర్చీ కూడా ఉంది. పద్దు మాత్రం లేదు. ఈ నిధి పేరును 2024 ఆగస్టులో ‘అడల్ట్ స్కిల్స్ ఫండ్’ అని మార్చారు. పేరు మారితే సరిహద్దు చెరుగుతుందా!

దీని మీద రెండు ఆదివారాలు సమావేశాలు పెట్టాం. అక్కడ బయటపడిన సంగతి మమ్మల్నే ఆశ్చర్యపరిచింది. వీసా మీద ప్రభుత్వ సహాయం పొందరాదని ఉంది కాబట్టి కాలేజీ గడప తొక్కకూడదని చాలామంది ఏళ్ళ తరబడి అనుకుంటున్నారు. ఆ నిషేధం సంక్షేమ భత్యాలకు సంబంధించినది. కాలేజీ నిధులు ఆ జాబితాలో లేవు. పంతొమ్మిదేళ్ళు దాటినవారు చదువు కోసం కాకుండా వేరే అనుమతి మీద ఇక్కడ ఉంటూ, కోర్సు మొదలయ్యే రోజుకు మూడేళ్ళు నివాసం పూర్తిచేసుకుని ఉంటే సాధారణంగా అర్హులే. ఉద్యోగ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులతో పాటు వచ్చిన పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు ఆ మూడేళ్ళ ఎదురుచూపు కూడా లేదు. ఫీజు ఎంత కట్టాలన్నది మాత్రం కోర్సును బట్టి, సంపాదనను బట్టి మారుతుంది.

‘ఇది మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిదేనా?’ అని ఒక పెద్దాయన అడిగారు. కాదండీ. ఇక్కడ సొమ్ము నేరుగా కాలేజీకి వెళుతుంది. బకాయి రాలేదని విద్యార్థి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం ఉండదు. ఆ మేరకు నయం.

జనవరిలో మరో చిక్కు. నివాస కార్డుల గడువు 2024 డిసెంబరు 31తో ముగిసి అంతా ఈ-వీసా అయింది. కాలేజీ దరఖాస్తులో మాత్రం కార్డు నంబరు గడి అలాగే ఉంది. ఒక సభ్యురాలు ఫోనులో షేర్ కోడు (వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి ఎదుటివారికి ఇచ్చేది) చూపిస్తే, కార్డు తెస్తేనే అన్నారట. మన విద్యా కమిటీ సభ్యులు ఒకరు తోడు వెళ్ళి, ఆ కౌంటరు దగ్గరే కోడు కొట్టించి చూపించాక పని అయింది. కోడు తొంభై రోజులే చెల్లుతుంది, వెళ్ళేముందు కొత్తది తీసుకోండి.

పిల్లల వైపు లెక్క వేరు. 16–17 ఏళ్ళ విద్యార్థి ఒక్కొక్కరికి ఏడాదికి ప్రభుత్వం కాలేజీకి ఇచ్చే మూల మొత్తం 2013 నుంచి 2020 వరకు 4,000 పౌండ్ల దగ్గర కదలకుండా కూర్చుంది. 2024–25లో 4,843, 2025–26కు 5,105. పెరిగినట్టే ఉంది గాని, ఆ ఏడేళ్ళలో ధరలు కూర్చోలేదు కదా. పైగా పోయిన ఏడాది తలల లెక్క ప్రకారం ఈ ఏడాది డబ్బు వస్తుంది. బడులు కొనుగోళ్ళ మీద కట్టిన వ్యాట్ తిరిగి తీసుకుంటాయి, కాలేజీలకు ఆ వీలు లేదు. 2022 నవంబరులో గణాంక శాఖ వీటిని ప్రభుత్వ రంగంలో కలిపినా ఇంతే. 2024 జులైలో బడి పంతుళ్ళకు 5.5 శాతం జీతం పెంచి అందుకు సొమ్ము ఇచ్చారు. కాలేజీలను అప్పుడు పక్కన పెట్టారు. దాని ఫలితం మన ఇంట్లోనే చూశాం. ఒక సభ్యుడి కొడుక్కి వైరింగ్ నేర్పే మాస్టారు ఏడాది మధ్యలో మానేసి కాంట్రాక్టు పనికి వెళ్ళిపోయారు. మూడు వారాలు ఆ కుర్రాడు వర్క్‌షాపులో బోర్డు ముందు కూర్చుని పాత పనినే విప్పి మళ్ళీ బిగించాడు.

2024 అక్టోబరు బడ్జెట్‌లో కాలేజీలకు 30 కోట్ల పౌండ్లు అదనంగా ప్రకటించారు, సంతోషం. 2025 ఆగస్టు నుంచి మాత్రం పెద్దల చదువు నిధికి కోత పెట్టారు. మా ఎంపీ గారికి ఉత్తరం రాశాం. మర్యాదగా జవాబు వచ్చింది. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

సీటు దొరకనివారి కోసం ఫిబ్రవరి నుంచి శనివారం ఉదయం ఇంగ్లీషు సంభాషణ తరగతి నడుపుతున్నాం. హ్యాండ్‌ఫోర్త్ ఆవిడ మొదటి వారం నేర్చుకోవడానికి వచ్చారు. ఇప్పుడు హాజరు పట్టీ, టీ డబ్బుల లెక్క ఆవిడే రాస్తున్నారు. పెన్నీ తేడా రావడం లేదు.

హాలు అద్దె ఇంతవరకు కార్యవర్గం చేతి నుంచి పెట్టుకుంది. దీపావళి బాణసంచా కేటాయింపులో సగం దీనికి మళ్ళించాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. రెండు వైపులా మాట్లాడదలచినవారు ముందే పేర్లు ఇవ్వండి. పోయినసారిలా మైకు దగ్గర వరుస కట్టనక్కర్లేదు.

ఇట్లు,
కార్యదర్శి