కాలువ తొలినీరు మంచినీటి చెరువుల్లోకి వదలొద్దు

సంపాదకులకు,

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. అడుగంటిన మంచినీటి చెరువును వెంటనే నింపుకోవాలన్న తొందర డెల్టాలో ప్రతి పట్టణానికీ ఉంటుంది. చెరువుకు ఎక్కువ చేటు చేసేది ఆ తొందరే.

వేసవిలో కాలువలు కట్టేసి నీరు ఆపిన నెలన్నరలో ఊళ్ల వెంబడి కాలువ మురుగు కుంటల వరసగా మారుతుంది. ఇళ్ల పైపుల నీళ్లు, చేపల మార్కెట్ కడుగునీళ్లు, కుళ్లిన గుర్రపుడెక్క అందులోనే మగ్గుతాయి. పైనుంచి నీరు రాగానే ఆ సరుకంతా ముందుకు తోసుకొస్తుంది. లాకు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది: మొదట నురగ, చెత్త, వెనకే కంపుకొట్టే నల్లనీరు, ఆ తర్వాతే గోదావరి రంగు. శివారు ఊళ్లకైతే పై ఊళ్లన్నిటి మురుగూ కలిసి వస్తుంది.

ఆ నల్లనీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ లెక్క తప్పేది ఇక్కడే. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 300 గ్రాములు వేస్తే లక్ష లీటర్ల నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ అందుతుంది. కానీ లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ (అమ్మోనియా రూపంలో ఉన్న నైట్రోజన్) ఉంటే, దాన్ని దాటడానికే 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చయిపోతుంది. అంటే అదే లక్ష లీటర్లకు రెండున్నర నుంచి మూడు కిలోల పౌడర్ కావాలి. ఎండకు బలం తగ్గిన పాత బస్తా అయితే ఇంకా ఎక్కువ. రోజువారీ కొలతే వేసి ఊరుకుంటే, కుళాయి చివర లీటరుకు ఉండాల్సిన 0.2 మిల్లీగ్రాముల విడి (ఫ్రీ) క్లోరిన్ మిగలదు. రోగాలకు దారి అలా పడుతుంది.

అంతటితో పోదు. చెరువు అడుగున ఆక్సిజన్ అయిపోతే పూడికలోని భాస్వరం నీటిలోకి విడుదలవుతుంది. దాన్ని తిని నాచు పెరుగుతుంది. నీరు పచ్చబడ్డాక ఎండవేళ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 9 దాటొచ్చు, అప్పుడు అదే క్లోరిన్‌కు క్రిముల్ని చంపే శక్తి బాగా పడిపోతుంది. నాచు పోగొట్టాలని మైలుతుత్తం ఒక్కసారిగా గుమ్మరించడం మరీ తప్పు. చచ్చిన నాచు కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా తినేస్తుంది, నీలిఆకుపచ్చ నాచయితే దానిలోని విషం నీటిలో కలవొచ్చు.

వరదల్లో వచ్చే ఎర్రనీటికి జనం ఎక్కువ భయపడతారు. అది చాలావరకు ఒండ్రుమట్టి. గాజు గ్లాసుల్లో నాలుగైదు మోతాదులు వేసి చూసుకుని, సరిపడా పటిక కలిపితే అడుగున పేరుకుంటుంది. నల్లనీటికి అంత తేలికైన మందు లేదు.

అందుకే మున్సిపల్ ఇంజినీర్లకు మా విన్నపం. తొలినీటిని తూము దాటి కిందికి పోనివ్వండి. కాలువ నీటిలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా, అమ్మోనియా 0.5 లోపు, వరసగా మూడు రోజులు కనిపించాకే తూము ఎత్తండి. తూముకు జాలీ తప్పనిసరి. అన్నాళ్లు ఆగాలంటే చెరువులో నిల్వ ఉండాలి కనుక, వచ్చే ఏప్రిల్‌లో కాలువ కట్టేముందే నిండుగా పెట్టుకోవాలి. పంపు పైపు మూతి అడుగు బురదకు కనీసం రెండడుగుల పైన ఉండాలి.

పరీక్ష ఎప్పుడు చేస్తామన్నదీ ముఖ్యమే. పదకొండు గంటలకు నమూనా తీస్తే, ఎండకు నాచు వదిలిన ఆక్సిజన్‌తో చెరువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. రాత్రంతా నాచూ బురదా పీల్చేశాక ఏం మిగిలిందో తెల్లవారుజామునే తెలుస్తుంది. మన ఆక్వా రైతులందరికీ ఇది తెలుసు, రాత్రి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. రొయ్యకు చూసే పరీక్ష మనుషులు తాగే నీటికీ చూడాలి. తెల్లవారుజాము ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిచి, ఆ అంకెలు చెరువు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి.

— నీటి పరీక్షలు తెలిసిన కొందరు పాఠకులు, పాలకొల్లు