సక్షన్ వైపు కూడా ఒక గేజ్ పెట్టించు

కర్నూలు

బావా,

తాడిపత్రిలో నీ బండల పాలిషింగ్ యూనిట్‌కు గంటకు 30 క్యూబిక్ మీటర్ల పంపు దించుతున్నావని తెలిసి సంతోషమేసింది. కానీ నువ్వు పంపిన సామాన్ల పట్టీలో ప్రెజర్ చూపే గేజ్ ఒక్కటే ఉంది, అదీ నీళ్లు బయటికి తోసే డెలివరీ వైపుకు. పంపుకు రోగం ఎక్కువగా పట్టేది నీళ్లు పీల్చే సక్షన్ వైపే బావా. అక్కడ వాక్యూమ్, ప్రెజర్ రెండూ చూపే కాంపౌండ్ గేజ్ తప్పకుండా పెట్టించు.

పంపు నోరు 3 అంగుళాలే కదా అని సక్షన్‌కు 3 అంగుళాల పైపు వేయకు. అన్ని నీళ్లు అందులో సెకనుకు 1.6 మీటర్లకు పైగా పరిగెత్తాలి. 4 అంగుళాలైతే మీటరు పైచిలుకుతో సరిపోతుంది. పంపు దగ్గర ఎక్సెంట్రిక్ రెడ్యూసర్ (ఒక వైపు చదునుగా ఉండి పైపు సైజు తగ్గించే ముక్క) వేసి తగ్గించు, చదునుగా ఉండే వైపు పైకి రావాలి. మామూలు రెడ్యూసర్ బిగిస్తే పైభాగంలో గాలి చేరి పంపు నీళ్లు వదిలేస్తుంది. నీళ్లలో మునిగే పైపు చివరుండే ఫుట్ వాల్వు నుంచి పంపు దాకా పైపు ఎక్కుతూనే రావాలి. ఎల్బోకూ రెడ్యూసర్‌కూ మధ్య కనీసం 20 అంగుళాల తిన్నటి పైపు వదులు.

ఫ్లాంజీలు (పైపుల చివర బోల్టు రంధ్రాలుండే పళ్లేలు) కలిపేటప్పుడు దగ్గరే నిలబడి చూడు. బోల్టు చేత్తో తోస్తే దూరాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి కలపనీయొద్దు. ఆ లాగుడంతా పంపు కేసింగ్ మీద పడి మోటారుతో అలైన్‌మెంట్ తప్పుతుంది, సీలు, బేరింగులు పోతాయి. పైపు బరువు దాని సపోర్టు మీదే ఉండాలి. బోల్టులు ఎదురెదురుగా బిగించమను.

డెలివరీలో ముందు గేజ్, తర్వాత నీళ్లు వెనక్కి రానీయని నాన్ రిటర్న్ వాల్వు, ఆ తర్వాతే గేట్ వాల్వు. పని ప్రెజర్ చదరపు సెంటీమీటరుకు 4 కిలోలైతే 0–7 గేజ్ చాలు, గ్లిజరిన్ నింపింది తీసుకో. నీ నీళ్లలో రాతిపొడి ఎక్కువ, గేజ్ సన్న రంధ్రం ఊరికే పూడుకుంటుంది. అందుకే నీళ్లు గేజ్‌లోకి పోకుండా పలచటి పొర అడ్డుండే డయాఫ్రమ్ సీల్ ఉన్నదే మేలు. గేజ్‌కు పోయే ట్యాపింగ్ పెద్ద పైపు పక్క నుంచి తీయించు, అడుగున తీస్తే బురద చేరుతుంది. కింద ఒక కాక్ పెట్టు. గేజ్ బిగించేటప్పుడు డయల్ పట్టి తిప్పనీయకు, చదరపు మెడకు స్పానర్ వేయాలి.

నీటిమట్టం పంపుకు 3 మీటర్లు కిందుంటే సక్షన్ గేజ్ 220 మిల్లీమీటర్ల పాదరసం వాక్యూమ్ కంటే ఇంకొంచెం ఎక్కువ చూపాలి. మట్టం అలాగే ఉండి, ముల్లు రోజురోజుకీ 350, 400 వైపు పోతోందంటే ఫుట్ వాల్వు జాలీ మూసుకుపోతోంది. ఇంకా ముదిరితే లోపల కంకర దొర్లినట్టు శబ్దం వస్తుంది, లోపల నీళ్లు తోసే చక్రం, ఇంపెల్లర్, గుంటలు పడుతుంది. అదే వాక్యూమ్ పడిపోయి డెలివరీ ముల్లు వణికితే ఎక్కడో గాలి పీలుస్తోంది: గ్లాండో (షాఫ్టు చుట్టూ కారకుండా బిగించేది), ఫ్లాంజో, లేదా ఫుట్ వాల్వు నీళ్లలోంచి బయటపడిందో.

మొదటి రోజే గేట్ వాల్వు మూసి కొన్ని సెకన్లు మాత్రం నడిపి, డెలివరీ ప్రెజర్ ఎంతుందో గోడమీద పెయింటుతో రాయించు. కొన్ని నెలలకు అలాగే మళ్లీ చూడు. అంకె తగ్గితే ఇంపెల్లరో దాని చుట్టూ ఉండే వేర్ రింగో అరిగినట్టే.

రెడ్యూసర్ అక్కడ దొరక్కపోతే పంపు ఫ్లాంజీకి రంధ్రాలెన్నో, ఎదురెదురు రంధ్రాల మధ్య దూరమెంతో కొలిచి రాయి. ఇక్కడ తీసుకుని బస్సులో వేయిస్తాను.

నీ
బావ