చేతులు కత్తిరించిన బొమ్మ

సంపాదకులకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. పక్కన ఆ స్వాతంత్ర్య పోరాట నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ బొమ్మ మాత్రం స్టాంపు సైజులో, మెడ దాకా కత్తిరించి వేశారు. ఎవరు వేశారో, ఎప్పటిదో ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

జాన్ సింగిల్టన్ కాప్లీ 1772 ప్రాంతంలో బోస్టన్‌లో వేసిన ఆయిల్ పెయింటింగ్ అది. ఇప్పటికీ ఆ ఊళ్లోనే మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. నాలుగడుగులు దాటిన ఎత్తు. మనిషి ఒంటి మీద జరీ లేదు, ఆడంబరం లేదు, ఎరుపు కలిసిన ముదురు మట్టిరంగు ఉన్ని కోటు, అంతే. వెనకంతా చీకటి. వెలుగంతా ముఖం మీద, చేతుల మీద, కాగితాల మీద. ఒక చెయ్యి కాగితాల చుట్టను పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఇంకో చేతి చూపుడువేలు బల్ల మీది పత్రాన్ని చూపిస్తోంది. ఆ కాగితాల చుట్ట బోస్టన్ పౌరులు రాసిచ్చిన ఆదేశాలు. పత్రం 1691లో రాజుగారిచ్చిన మసాచుసెట్స్ చార్టర్, అంటే బోస్టన్ ఉన్న ఆ వలస ప్రాంతపు హక్కుల పత్రం, పెద్ద ముద్రతో సహా.

1770 మార్చి 5న బ్రిటిష్ సైనికుల కాల్పులు బోస్టన్‌లో ఐదుగురిని బలి తీసుకున్నాయి. మర్నాడు బ్రిటిష్ ప్రభుత్వపు తాత్కాలిక గవర్నర్ హచిన్సన్ ముందు నిలబడి, సైన్యాన్ని ఊళ్లోంచి పంపెయ్యమని ఆడమ్స్ పట్టుబట్టాడు. కాప్లీ వేసింది ఆ ఘట్టాన్ని. హచిన్సన్ బొమ్మలో లేడు. ఆయన నిలబడ్డ చోట చూసేవాళ్లం మనం నిలబడతాం.

మీరు వేసిన ముక్క చూసి మా మనవరాలు “తాతయ్యా, ఈయనకెందుకు అంత కోపం?” అంది. సెల్‌లో పూర్తి బొమ్మ తీసి చూపించాను. “ఓహో, కాగితం చూపించి నిలదీస్తున్నాడా!” అంది. పదేళ్ల పిల్ల.

దీనితో మనకూ కాస్త చుట్టరికం ఉంది. 1773 డిసెంబరులో బోస్టన్ వాళ్లు బ్రిటిష్ పన్ను మీద కోపంతో సముద్రం పాలు చేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే. అప్పటికే బందరు కోట కంపెనీ చేతిలో ఉంది. మా గుంటూరు సర్కారు ఇంకా దక్కలేదనుకోండి, అది వేరే కథ. ఆ టీ దింపుకోవాల్సిన వ్యాపారుల్లో సాక్షాత్తూ కాప్లీ మామగారే ఒకరు! అటు బ్రిటిష్ సేనాధిపతి గేజ్ బొమ్మ వేసిందీ కాప్లీయే. రెండు వైపులా బొమ్మలు వేసి, 1774లో ఓడెక్కి వెళ్లిపోయినవాడు మళ్లీ అమెరికా ముఖం చూడలేదు.

పేజీలో చోటు చాలదని మీరనవచ్చు. చోటు లేకపోతే బొమ్మ మానెయ్యండి, చేతులు మాత్రం కత్తిరించకండి. కింద ఒక్క లైను, వేసినవారి పేరు, ఏడాది, ఉన్న చోటు. వీలైతే వచ్చే ఆదివారం ఆ బొమ్మ పూర్తిగా మళ్లీ వేయండి. మా వీధి పిల్లల కోసం గోడకు అంటించుకుంటాను.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తెనాలి