సముద్రంలో గాలిమరల కన్నా ముందు కేబుల్ సంగతి తేల్చండి

సంపాదకులకు,

గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్ కేంద్రాల కోసం కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఈ పథకంలో గాలిమరలు నిలబెట్టేది ప్రైవేటు కంపెనీ. సముద్రంలో సబ్‌స్టేషన్ కట్టి కరెంటును ఒడ్డుకు చేర్చే బాధ్యత ప్రభుత్వ రంగ సంస్థ పవర్‌గ్రిడ్‌ది. పని ఇలా ఇద్దరి మధ్య పంచినప్పుడు ఎవరికీ పట్టకుండా పోయేది కేబులే. టెండరు పత్రాలు రాసేవారు దీన్ని ముందే తేల్చాలి.

జర్మనీలో బోర్కుమ్ దీవి దగ్గర రిఫ్‌గాట్ కేంద్రంలో 30 గాలిమరలు 2013 ఆగస్టుకే సిద్ధమయ్యాయి. కేబుల్ వేయాల్సిన దారిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు బయటపడ్డాయి. వాటిని ఏరి కేబుల్ కలిపేసరికి 2014 ఫిబ్రవరి వచ్చింది. ఉప్పుగాలికి యంత్రాలు పాడవకుండా అన్నాళ్లూ డీజిల్ జనరేటర్లు పెట్టి ఆ మరలను తిప్పారు! కేబుల్ ఆలస్యాలకు కంపెనీలకిచ్చే పరిహారం కోసం అక్కడి ప్రభుత్వం 2013 నుంచి వినియోగదారుల బిల్లులమీదే సుంకం వేసింది. మన దగ్గర ఆ భారం ఎవరిదో, ఏ తేదీ నుంచి లెక్కిస్తారో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

గాలిమర స్తంభం అడుగున ఇంకో చిక్కు ఉంది. పునాదిగా ఎనిమిది మీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టాన్ని (పైల్‌ను) ఇసుకలో దిగ్గొడితే ప్రవాహం దాని చుట్టూ సుడి తిరిగి ఇసుకను తోడేస్తుంది. గుంత పది మీటర్ల దాకా పడవచ్చు. అందుకే చుట్టూ రాళ్లు పరుస్తారు, కింద చిన్నవి, పైన పెద్దవి. కేబుల్ పైల్‌లోని రంధ్రం గుండా బయటికొచ్చి, ప్లాస్టిక్ తొడుగులో ఆ రాళ్లమీదుగా సాగి ఇసుకలోకి దిగుతుంది. తొడుగు కదలకుండా దానిమీద మరో వరస రాళ్లు వేయకపోతే, అటూ ఇటూ ఊగి ఒరుసుకుని తొడుగు అరుగుతుంది, తర్వాత కేబుల్ అరుగుతుంది. డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ 2021లో పది వరకు కేంద్రాల్లో ఈ లోపం ఉండొచ్చని, సరిచేయడానికి సుమారు 300 కోట్ల డేనిష్ క్రోనర్లు కావాలని ప్రకటించింది. పోటుపాట్లు అంత ఉధృతంగా ఉండే గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఆ పై వరసను కంపెనీ ఇష్టానికి వదలకూడదు.

మిగతా దారంతా కేబుల్‌ను మీటరు నుంచి రెండు మీటర్ల లోతున పాతుతారు. లోతు తక్కువైతే ట్రాలర్ల వలలకూ లంగర్లకూ తగులుతుంది. మరీ ఎక్కువైతే వేడి బయటికి పోదు, పంపే కరెంటు తగ్గించుకోవాల్సి వస్తుంది. ఇసుక మేటలు కదిలే చోట పాతి వదిలేస్తే చాలదు, ధ్వని తరంగాలతో అడుగును పరిశీలించే సోనార్‌తో క్రమం తప్పకుండా చూసుకోవాలి. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో కేబుల్ దారి గీసేముందే మత్స్యకారులతో కూర్చోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరపడవలు ఒడ్డునుండే ఆ 61 రోజుల్లో తీరం దగ్గరి కందకం పని పెట్టుకుంటే వలలు చిరగవు, నష్టపరిహారం తగాదాలూ తగ్గుతాయి.

కేబుల్ తెగిందంటే రెండు కొసలూ ఓడమీదికి లాగి, మధ్యలో కొత్త ముక్క వేసి, రెండు చోట్ల అతకాలి. ఆ ముక్క నీటి లోతుకు రెండింతలకు పైగా పొడవుండాలి, అదే మందం, అదే రకం కావాలి. అప్పటికప్పుడు ఫ్యాక్టరీలో చేయిస్తే నెలలు పడుతుంది. ఓడరేవుల అభివృద్ధికని ఈ పథకంలోనే 600 కోట్లు పెట్టారు. విడి కేబుల్ చుట్టలకూ, అతుకు సామగ్రికీ ఆ రేవుల్లోనే చోటు కేటాయించి, వాటిని మొదటి ఆర్డరులోనే కొనాలి.

— ఒక విద్యుత్ ఇంజినీరు, విశాఖపట్నం