పూల్ టేబుల్ కుషన్లను ఎవరూ పట్టించుకోరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

బెజవాడలో పూల్ (బిలియర్డ్స్ లాంటి టేబుల్ ఆట) పార్లర్లు పెరుగుతున్నాయని, కాలేజీ కుర్రాళ్లు బాగా ఆడుతున్నారని ఆమధ్య మీ సిటీ పేజీల్లో వేశారు, చదివి సంతోషించాను. అయితే అందులో ఏసీ గురించి ఉంది, లైట్ల గురించి ఉంది, గంటకి ఎంత తీసుకుంటున్నారో కూడా ఉంది గానీ టేబుల్ ఎలా ఉందన్నది ఒక్క ముక్క లేదు. పార్లర్ల వాళ్లూ అంతే. టేబుల్ మీది క్లాత్ చిరిగితే అందరికీ కనిపిస్తుంది కాబట్టి మారుస్తారు, దాని పక్కనే ఉన్న కుషన్, అంటే బంతి తగిలి వెనక్కి వచ్చే రబ్బరు అంచు, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఆట పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

పూల్ ఆడనివాళ్లకి కూడా క్యారమ్ బోర్డు తెలుసు కదా. ఒక వైపు ఫ్రేమ్ వదులైతే స్ట్రైకర్ అటు తగిలి నీరసంగా వెనక్కి వస్తుంది, ఆ వైపు రీబౌండ్ కొట్టడమే మానేస్తాం. పూల్ టేబుల్‌కి ఆరు కుషన్లు ఉంటాయి, ఆరూ ఒకేలా స్పందించాలి. ఎన్ని పార్లర్లలో స్పందిస్తున్నాయో రోజూ ఆడేవాళ్లకి తెలుసు.

కుషన్ ఎత్తుకి ఒక లెక్క ఉంది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. కుషన్ ముక్కు, అంటే బంతికి తగిలే అంచు, ఆ వ్యాసంలో దాదాపు 63.5 శాతం ఎత్తులో, సుమారు 36 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలని వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్ నిబంధన. బంతి మధ్యభాగం కంటే కాస్త పైన తగులుతుందన్నమాట. అంతకంటే కింద ఉంటే గట్టిగా కొట్టినప్పుడు బంతి ఎగురుతుంది, మరీ పైన ఉంటే బంతిని క్లాత్‌కి నొక్కేసి వేగం చంపేస్తుంది. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లే, దాని కుషన్ ఆకారం కూడా వేరు. అందుకని పూల్ టేబుల్‌కి దొరికిన రబ్బరేదో అంటించేసి ‘కొత్త కుషన్ వేశాం సార్’ అంటే ఆడేవాడికి ఒరిగేది ఏమీ లేదు.

ఇక్కడ పార్లర్లలో జరిగిన ఒక టోర్నమెంట్‌లో ఆఖరి గేమ్‌లో ఒక కుర్రాడు మధ్య పాకెట్‌కి బ్యాంక్ షాట్, అంటే బంతిని కుషన్‌కి తగిలించి పాకెట్‌లోకి పంపే షాట్, కొట్టాడు. కోణం సరిగ్గా తీసుకున్నాడు, వేగం కూడా సరిపోయింది, అయినా బంతి పాకెట్ దాటి పోయింది. చుట్టూ ఉన్నవాళ్లంతా టెన్షన్ పడ్డాడన్నారు. మ్యాచ్ అయ్యాక వెళ్లి ఆ చోట బొటనవేలితో నొక్కి చూశాను. మిగతా కుషన్ నొక్కితే లోపలికి వెళ్లి వెంటనే వేలిని తోస్తోంది, అక్కడ జానెడు మేర గట్టిగా చెక్కలా ఉంది. బంతి తగిలితే వచ్చే చప్పుడు కూడా వేరు, ‘టక్’మని కాకుండా ‘థప్’మని మూగగా వస్తోంది. చచ్చుబడిన కుషన్ బంతిని గట్టిగా వెనక్కి తొయ్యదు, పక్కకి పోయే వేగం మాత్రం అలాగే ఉంటుంది, దాంతో బంతి రైలుకి (కుషన్ బిగించిన టేబుల్ అంచు చెక్కకి) దగ్గరగా వాలి అనుకున్నదానికంటే దూరం పోతుంది. ఆ కుర్రాడి షాట్‌కి జరిగింది ఇదే. అది వాడి తప్పు ఎలా అవుతుంది?

కుషన్ బాగున్నా కూడా వచ్చిన కోణంలోనే బంతి తిరిగి పోదనుకోండి. మెల్లగా దొర్లుతూ వచ్చిన బంతి విశాలమైన కోణంలో పోతుంది, గట్టిగా కొట్టిన బంతి రబ్బరులోకి దిగబడి ఇరుకైన కోణంలో తిరుగుతుంది. కొత్త క్లాత్ మీద జారుతుంది, దుమ్ము పట్టిన క్లాత్ పట్టేస్తుంది. ఇవన్నీ ఆటగాడు నేర్చుకోవాల్సినవే, కాదనను. కానీ ఒకే రైలులో ఒక డైమండ్ (రైలు మీద గురి కోసం ఉండే గుర్తు) దగ్గర ఒకలాగా, పక్క డైమండ్ దగ్గర ఇంకోలాగా తిరిగితే ఏం నేర్చుకుంటాడు చెప్పండి?

రబ్బరు ఎప్పుడూ వాతావరణానికి లొంగేదే. 1835 ప్రాంతంలో లండన్‌లో జాన్ థర్స్టన్ రబ్బరు కుషన్లు తెచ్చినప్పుడు చలికి అవి బిగుసుకుపోయేవి, వేడినీళ్లతో వెచ్చబెట్టి ఆడేవాళ్లు. వల్కనైజ్ చేసిన, అంటే గంధకంతో వేడిచేసి గట్టిపరచిన, రబ్బరు వచ్చాక ఆ బాధ తప్పింది. మన బాధ ఇంకో రకం. మే నెల బెజవాడ ఎండలో రేకుల షెడ్డు కింద టేబుల్, కిటికీలోంచి నేరుగా ఎండ, రాత్రి షాపు కట్టేశాక ఏసీ ఉండదు. ఇలా ఏళ్లు గడిస్తే మంచి రబ్బరైనా గట్టిపడుతుంది, చెక్కకి అంటించిన జిగురు వదులుతుంది.

చాలాసార్లు రబ్బరు దాకా కూడా పోనక్కర్లేదు. రైలుని కింద నుంచి బిగించే బోల్టులు వదులైనా కుషన్ చచ్చినట్టే ఉంటుంది. ఫోన్ టార్చి వేసుకుని టేబుల్ కింద చూస్తే తెలిసిపోతుంది, సరైన పానా ఉంటే పది నిమిషాల పని. బోల్టులు వదులయ్యేది ఎందుకంటే మనవాళ్లు రైలు మీద కూర్చుంటారు, షాట్ కోసం కాదు, కబుర్లకి. దయచేసి కూర్చోకండి, టీ గ్లాసులు పెట్టకండి. ఓనర్లు కూడా కస్టమర్ ఏమనుకుంటాడోనని మొహమాటపడకుండా లేపాలి.

టోర్నమెంట్లు పెట్టేవాళ్లకి ఒక మాట. అసోసియేషన్ నిబంధనల్లోనే ఒక పరీక్ష ఉంది: హెడ్ స్పాట్ (టేబుల్ మీద ఒక చివర వైపు ఉండే గుర్తు) నుంచి ఎదురు కుషన్ మధ్యలోకి, స్పిన్ లేకుండా గట్టిగా కొడితే బంతి ఎగరకుండా కనీసం నాలుగు, నాలుగున్నర టేబుల్ పొడవులు తిరగాలి. ముందురోజు సాయంత్రం ఆటగాళ్ల ఎదుటే ఇది చేయండి, ఆరు కుషన్లూ వేలితో నొక్కి చూడండి. ఎంట్రీ ఫీజు కట్టించుకుంటున్నారు కదా, ఈమాత్రం చేయాలి. తేడా ఉన్న టేబుల్‌ని ప్రాక్టీస్‌కి వదిలేయండి, మ్యాచ్‌లు మాత్రం దాని మీద పెట్టకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ