డేనిష్‌లో వేళ చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌ను నమ్ముకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ప్రచురించిన డేనిష్ వాడుక మాటల పట్టికను శ్రద్ధగా చదివాను. చదువు కోసమో, కొలువు కోసమో డెన్మార్క్ వెళ్లే తెలుగువారికి ఉపయోగపడాలన్న మీ ఉద్దేశం మెచ్చుకోదగినది. పలకరింపులు, దారి అడగడం, వస్తువులు కొనడం వంటి భాగాలలో ఎంచదగ్గ దోషాలేవీ లేవు. అయితే కాలాన్ని సూచించే మాటల దగ్గరికి వచ్చేసరికి, ప్రతి ఇంగ్లిష్ మాటకూ ఒక డేనిష్ మాటను జత చేసి, దానికి తెలుగు అర్థం రాసే పద్ధతి పూర్తిగా దెబ్బతిన్నది. ఇంగ్లిష్, డేనిష్ భాషల మధ్య అనువాదమే నా వృత్తి కాబట్టి, ఆ భాగాన్ని సవరించి మళ్లీ అచ్చు వేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. డేనులు మాట్లాడేటప్పుడు చాలా అక్షరాలను మింగేస్తారు కనుక, కింది మాటలను వారి ఉచ్చారణను బట్టి కాక చాలావరకు వారి రాతను బట్టి తెలుగు లిపిలో ఇస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేయగల తప్పు గడియారానికి సంబంధించినది. ‘హాల్వ్ ట్రే’ అంటే మూడున్నర అని పట్టికలో అచ్చయింది. నిజానికి అది రెండున్నర. ‘హాల్వ్’ అంటే సగం, ‘ట్రే’ అంటే మూడు. మూడో గంట సగం పూర్తయిందని వారి లెక్క. బ్రిటన్ వాసులు మాటల్లో ‘హాఫ్ త్రీ’ అన్నప్పుడు మూడు దాటి అరగంట అయిందని అర్థం. రెండు పలుకుబడులూ చూడటానికి ఒకేలా ఉన్నా, వాటి మధ్య సరిగ్గా గంట తేడా ఉంది. రైల్వే పట్టికల్లోనూ, లిఖితపూర్వకంగా వచ్చే పిలుపుల్లోనూ 14.30 అని ఇరవై నాలుగు గంటల పద్ధతిలో వేస్తారు కాబట్టి అక్కడ ప్రమాదం లేదు. చిక్కంతా నోటిమాటతోనే. డాక్టరు దగ్గర పనిచేసే వ్యక్తి ఫోనులో ‘హాల్వ్ ట్రే’కు రమ్మని చెబితే, మీ పట్టిక చదివిన మనిషి డాక్టరు వేరే రోగులను చూస్తున్న సమయానికి చేరుకుంటాడు. దీనికి తోడు, అరగంటకు అటూ ఇటూ ఉన్న నిమిషాలను కూడా డేనులు ఆ అరగంట నుంచే లెక్కిస్తారు. 2.25ను ‘ఫెమ్ ఇ హాల్వ్ ట్రే’ అంటారు, అంటే రెండున్నరకు ఐదు నిమిషాలు తక్కువ అని, 2.35ను ‘ఫెమ్ ఓవర్ హాల్వ్ ట్రే’ అంటారు. ఈ ‘సగం’ లెక్క గడియారం దగ్గరే ఆగలేదు. ఒకటిన్నర గంటను ‘హాల్వాండెన్ టీమె’ అంటారు, అంటే రెండోది సగమైన గంట. యాభైని చెప్పే ‘హాల్వ్‌ట్రెస్’లో కూడా రెండున్నర ఇరవైలు అన్న పాత లెక్కే దాగి ఉంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే డేనిష్ అంకెల మీద ఉన్న భయం చాలావరకు పోతుంది కనుక, దాన్ని పట్టిక పక్కన రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే బాగుండేది.

ఇక రోజులూ పూటల సంగతి. ‘టుమారో మార్నింగ్’కు మీరు ‘ఇ మోర్గెన్ మోర్గెన్’ అని ఇచ్చారు. ‘ఇ మోర్గెన్’ అంటే రేపు, ‘మోర్గెన్’ అంటే ఉదయం అన్నది నిజమే. కానీ రేపు పొద్దున అనడానికి ఏ డేనూ ఆ రెండింటినీ అలా పక్కపక్కన చేర్చడు. ‘ఇ మోర్గెన్ టిడ్లి’ అంటాడు, అంటే రేపు పెందలాడే అని. ‘దిస్ మార్నింగ్’కు ఏ మాట వాడాలన్నది ఆ ఉదయం గడిచిపోయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. గడిచిన ఉదయమైతే ‘ఇ మోర్గెస్’. చివరనున్న ఆ ‘స్’ ధ్వని డేనిష్‌లో గడిచిన కాలానికి గుర్తు. ‘ఇ ఆఫ్టెన్’ అంటే ఈ సాయంత్రం, ‘ఇ ఆఫ్టెస్’ అంటే నిన్న సాయంత్రం. ‘ఇ మాండాగ్స్’ అంటే మొన్న గడిచిన సోమవారం, ‘పో మాండాగ్’ అంటే వచ్చే సోమవారం, ‘ఓమ్ మాండాగెన్’ అంటే సోమవారం సోమవారం. ఇంగ్లిష్‌లో ‘ఆన్ మండే’ అని ఒక్కటే రాసి, మిగతాది క్రియకు వదిలేస్తారు. డేనిష్‌లో క్రియ దాకా పోకముందే ఏ సోమవారమో తెలిసిపోతుంది. కాబట్టి ఇంగ్లిష్ మాట ఒక్కదాన్నే చూసి దానికి డేనిష్ మాట రాయడం ఎవరికీ సాధ్యం కాదు. ఎంత అనుభవం ఉన్న అనువాదకుడైనా ముందు వాక్యమంతా చూపించమని అడుగుతాడు.

‘ఇ నాట్’ అన్నది మరీ ముఖ్యమైనది. పట్టికలో దానికి ‘టునైట్’ అని మాత్రమే ఇచ్చారు. ఆ మాట గడిచిన రాత్రికీ, రాబోయే రాత్రికీ రెండింటికీ వర్తిస్తుంది. ఏ రాత్రి అన్నది క్రియ చెబుతుంది. పైగా అది జనం నిద్రపోయే వేళను సూచించే మాట. రాత్రి ఎనిమిదింటికి భోజనానికి పిలవాలంటే ‘ఇ ఆఫ్టెన్’ అనాలి తప్ప ‘ఇ నాట్’ అనకూడదు. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవారికి ఇది వింతగా తోస్తుంది గానీ, తెలుగువారికి తోచనక్కరలేదు. ‘రాత్రి నిద్ర పట్టలేదు’ అన్నప్పుడు అది గడిచిన రాత్రేనని మనకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు కదా. అలాగే ‘ది డే బిఫోర్ యెస్టర్‌డే’ అని ఇంగ్లిష్ నాలుగు మాటల్లో చెప్పేదాన్ని డేనిష్ ‘ఇ ఫోర్‌గోర్స్’ అంటుంది, మనం మొన్న అంటాం. ‘ఇ ఓవర్‌మోర్గెన్’ మన ఎల్లుండి. ‘ది అదర్ డే’కు సరిపోయే ‘ఫోర్‌లెడెన్’ అచ్చంగా మన ‘మొన్నీమధ్య’. తెలుగులో ఇంత సూటిగా అందే మాటలను ఇంగ్లిష్ మీదుగా తిప్పి నేర్పడం పాఠకుడికి అనవసరపు భారం. నా ఫిర్యాదులో ప్రధానమైనది ఇదే.

పట్టికలో ‘ఇన్’ అన్న చిన్న మాటకు ‘ఓమ్’ అని ఒక్క అర్థమే ఇచ్చారు. దీని గురించి కొంత వివరంగా రాయక తప్పదు. ‘ఇన్ టు అవర్స్’ అన్న ఇంగ్లిష్ పలుకుబడికి డేనిష్‌లో కనీసం మూడు దారులున్నాయి. ఇప్పటి నుంచి రెండు గంటలు గడిచాక అయితే ‘ఓమ్ టో టీమెర్’. పని పూర్తి కావడానికి రెండు గంటలు పట్టింది అంటే ‘పో టో టీమెర్’. రెండు గంటలు దాటకుండా అని గడువు పెడితే ‘ఇండెన్ టో టీమెర్’. మనం కూడా ‘రెండు గంటల తర్వాత’, ‘రెండు గంటల్లో’, ‘రెండు గంటల లోపు’ అని వేరుచేసి చెబుతాం. ఈ తేడా ఎంత విలువైనదో తెలియాలంటే 1953 నాటి డేనిష్ రాజ్యాంగంలోని 71వ సెక్షన్ చూడాలి. అరెస్టయిన ప్రతి వ్యక్తినీ 24 గంటల లోపు న్యాయమూర్తి ముందు హాజరుపరచాలని అది చెబుతుంది. అక్కడ వాడిన మాట ‘ఇండెన్’. దాని స్థానంలో మీ పట్టిక ఇచ్చిన ‘ఓమ్’ పెడితే, ఇరవై నాలుగు గంటలు గడిచిన తర్వాతే హాజరుపరచాలన్న అర్థం వస్తుంది. పౌరుడి స్వేచ్ఛకు కాపుగా పెట్టిన గడువు కాస్తా అతన్ని నిర్బంధంలో ఉంచే కాలంగా మారిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘ఇన్’ అని రాసినా ‘వితిన్’ అని అర్థం చేసుకునే పాఠకులు ఉంటారు గానీ, డేనిష్ పాఠకుడు ఆ దయ చూపడు, చూపవలసిన అవసరమూ లేదు.

‘టైమ్’ అన్న మాటకూ ఒకే అర్థం ఇచ్చారు. కాలం అన్న అర్థంలో అది ‘టిడ్’, రెండుసార్లు మూడుసార్లు అన్నప్పుడు ‘గాంగ్’, ఎన్నింటికి అన్నప్పుడు ‘క్లోకెన్’. ‘టైమ్’ లాగానే కనిపించే డేనిష్ ‘టీమె’కు మాత్రం గంట అని అర్థం. ‘క్లోకె’ అంటే మోగే గంట కూడా. మోగే గంటకూ, అరవై నిమిషాల గంటకూ మనం ఒకే మాట వాడినట్టే, వారూ మోగే గంట పేరుతోనే వేళ అడుగుతారు. క్షణం అనడానికి వారు వాడే ‘ఓయెబ్లిక్’ అంటే అక్షరాలా కంటితో ఒక చూపు చూసేంత సేపు. మన రెప్పపాటు కూడా అలాంటిదే, సంస్కృతం నుంచి వచ్చిన నిమిషానికి మొదటి అర్థమూ అదే.

మందుల విషయంలో ఇంకో మాట చెప్పాలి. రాత్రీ పగలూ కలిసిన ఇరవై నాలుగు గంటల కాలానికి డేనిష్‌లో ‘డోగ్న్’ అనే మాట ఉంది. మన అహోరాత్రం అన్నమాట. ఇంగ్లిష్‌కు అలాంటి మాట వాడుకలో లేదు కనుక మీ పట్టికలో దానికి చోటే దొరకలేదు. ‘త్రీ టైమ్స్ ఎ డే’ను ‘ఓమ్ డాగెన్’ అని అనువదించవచ్చు గానీ, ఆ మాటకు పగటిపూట అన్న అర్థం కూడా ఉంది. ఇరవై నాలుగు గంటలలో ఇన్నిసార్లకు మించకూడదని చెప్పవలసిన చోట ‘ఇ డోగ్నెట్’ అంటేనే సందేహానికి తావుండదు. రాత్రింబవళ్లు తెరిచి ఉండే చోటు ‘డోగ్నెట్ రుండ్ట్’ తెరిచి ఉంటుందని అంటారు.

జాతీయాలకు కేటాయించిన చివరి భాగం చాలా తొందరలో తయారైనట్టుంది. కొన్ని జాతీయాలు రెండు భాషలకూ ఉమ్మడివే. బైబిల్‌లోని ద్రాక్షతోట కూలీల కథ నుంచి వచ్చిన, ఆఖరి క్షణం అనే అర్థమున్న ‘పదకొండో గంట’ డేనిష్‌లో కూడా ‘ఇ ఎల్లెఫ్టె టీమె’గా ఉంది, దీర్ఘకాలంలో అనడానికి ‘ఇ డెట్ లాంగె లోబ్’ ఇంగ్లిష్‌కు అద్దం పట్టినట్టే ఉంటుంది. ఇవి చూసిన ధైర్యంతో మిగతావాటిని కూడా మాటకు మాట మార్చడం వల్లే చిక్కు వచ్చింది. ఆఖరి నిమిషంలో అనడానికి డేనులకు సొంతంగా ‘ఫెమ్ మినుటర్ ఇ లుకెటిడ్’ అనే చక్కని పలుకుబడి ఉంది. కొట్టు మూసేయడానికి ఐదు నిమిషాల ముందు అని దాని అర్థం. అది మీ పట్టికలో ఉండవలసింది. అరుదుగా అనే అర్థంలో ఇంగ్లిష్ వారు చెప్పే ‘నీలి చంద్రుడి’ని మీరు అక్షరాలా డేనిష్‌లోకి దించారు. దానికి మామూలుగా ‘ఎన్ షెల్డెన్ గాంగ్’, అంటే ఎప్పుడో ఒకసారి అంటే సరిపోతుంది. మనకు అమావాస్యకో పున్నానికో అన్న మాట ఉంది కదా అని డేనిష్‌లోనూ చంద్రుణ్ని వెతకనవసరం లేదు. సమానమైన జాతీయం దొరకనప్పుడు విషయాన్ని మామూలు మాటల్లో చెప్పడమే మంచి అనువాదమని నా దృఢమైన అభిప్రాయం.

‘ఈవెంచువల్లీ’కి ‘ఎవెంటుఎల్ట్’ అని ఇవ్వడం కూడా సరికాదు. ఆ డేనిష్ మాటకు ‘బహుశా, వీలైతే’ అని అర్థం; సమావేశాల ఎజెండాలో చివరన ‘ఇతర అంశాలు’ అన్న చోట కూడా అదే రాస్తారు. చివరికి అన్న అర్థం కావాలంటే ‘టిల్ సిడ్స్ట్’ అనాలి. పని తప్పక అవుతుందని చెప్పబోయి, అయితే అవుతుంది అని చెప్పినట్టవుతుంది. ఉద్యోగంలో ఇలాంటి మాట మనిషి మీద నమ్మకాన్నే తగ్గిస్తుంది.

వారాల గురించి పట్టికలో ఏమీ లేకపోవడం కూడా లోపమే. డెన్మార్క్‌లో వారం సోమవారంతో మొదలవుతుంది, వారాలకు సంవత్సరం పొడవునా వరుస సంఖ్యలుంటాయి. సంవత్సరంలోని మొదటి గురువారం ఉన్న వారమే ఒకటో వారం. పాఠశాలల శరత్కాల సెలవులు అనగానే అక్కడివారికి గుర్తొచ్చేది 42వ వారమే తప్ప తేదీలు కావు. ‘ఊఎ 42’లో కలుద్దాం అని సహోద్యోగి రాస్తే, కొత్తగా వెళ్లినవారు కంగారు పడకుండా క్యాలెండరులో ఆ అంకె చూసుకునేలా మీరు చెప్పాలి. రెండు వారాలను వారు ‘ఫ్యోర్టెన్ డాగె’, అంటే పద్నాలుగు రోజులు అంటారు. మనం అదే కాలాన్ని పదిహేను రోజులు అనడం అలవాటు కనుక, గడువులు లెక్కపెట్టేటప్పుడు తెలుగువారు ఒక రోజు పొరబడే అవకాశం ఉంది. ఇక్కడ మాత్రం తెలుగును కూడా కాస్త పక్కన పెట్టాలి.

సవరించిన పట్టికను ప్రచురించేటప్పుడు మూడు మార్పులు చేయవలసిందిగా కోరుతున్నాను. మొదటి వరుసలో తెలుగు మాట ఉండాలి. ఇంగ్లిష్‌ను ఉంచదలిస్తే చివర ఉంచండి. విడి మాటకు బదులు ప్రతిచోటా ఒక చిన్న వాక్యం ఇవ్వండి, ఎందుకంటే ‘ఇ నాట్’ వంటివి వాక్యంలో తప్ప అర్థమివ్వవు. గడియారానికి సంబంధించిన భాగంలో ప్రతి పలుకుబడికీ ఎదురుగా 14.30 అన్న రూపంలో అంకెలు వేయండి. రాబోయే విద్యా సంవత్సరానికి డెన్మార్క్ చేరవలసిన విద్యార్థులు ఇప్పటికే పాత పట్టికను కత్తిరించి దాచుకుని ఉంటారు కాబట్టి, కనీసం ‘హాల్వ్ ట్రే’ అంటే రెండున్నర అన్న సవరణనైనా వచ్చే ఆదివారం సంచికలోనే వేయగలరని ఆశిస్తున్నాను. పూర్తి పట్టికను సరిచూడటంలో నా సహాయం అవసరమైతే సంతోషంగా చేసిపెడతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, డేనిష్ అనువాదకురాలు